పీక నోట పెట్టే ముందు

చిరంజీవి సౌభాగ్యవతి మనవరాలికి అమ్మమ్మ ఆశీస్సులు.

పాప పుట్టి 12 రోజులైందనీ, రాత్రిళ్లు ఊరుకోబెట్టడానికి పీక, అంటే పాలు లేకుండా ఊరికే చీకే రబ్బరు పాసిఫయరు, ఇవ్వవచ్చా అనీ అడిగావు. నాకు పీకతో పేచీ లేదు గాని, ఇప్పుడే వద్దంటాను. రొమ్మును నోటినిండా పట్టుకోవడం పాపకు ఇంకా అలవడలేదు. బిడ్డ ఎంత తరచుగా చీకితే తల్లికి పాలు అంతగా పడతాయి కనుక, ఆ చీకుడంతా రబ్బరు పీకకే పోతే నష్టం మీ ఇద్దరిదీ. పాలు కుదురుకొని, పాప బరువు బాగా పెరుగుతున్నదని డాక్టరు చెప్పేదాకా, అంటే సుమారు 3, 4 వారాలు ఆగు.

ఆ తరువాతైనా ఏడుపు వినగానే పీక అందుకోకు. పిడికిలి నోట పెట్టుకొని, తల అటూ ఇటూ తిప్పుతూ నోరు తెరిచి వెతుకుతున్నదంటే అది ఆకలి. ఏడుపు దాకా వచ్చిందంటే మనం ఆలస్యం చేశామన్నమాట. పాలిచ్చి, తేన్పు వచ్చేదాకా భుజాన వేసుకొని, డైపరు చూసి, అప్పటికీ చీకాలన్న ఆరాటం తీరకపోతే ఇవ్వు.

నిద్రపుచ్చేటప్పుడు పీక ఇస్తే శిశువులు నిద్రలో హఠాత్తుగా మరణించే ముప్పు తగ్గుతుందని మీ అమెరికాలోని పిల్లల వైద్యుల సంఘమే చెబుతున్నది. పాపను వెల్లకిలా పడుకోబెట్టడం మాత్రం మానకూడదు. నిద్రలో పీక జారిపోతే మళ్లీ పెట్టనక్కరలేదు.

ఇక తేనె సంగతి. మీ అమ్మకు నేను పీకను తేనెలో ముంచి ఇచ్చాను. ఏడాది నిండని బిడ్డకు తేనె వల్ల బాట్యులిజమనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చని అప్పుడు నాకు తెలియదు. మీ అమ్మకు ఏమీ కాలేదు కదా అని ఎవరైనా వాదిస్తే వినకు. అది మా అదృష్టమే తప్ప నా తెలివి కాదు. చక్కెర కూడా అద్దవద్దు.

పీక, పెదవులకు ఆనే పలక కలిపి ఒకే ముక్కగా పోతపోసినది కొను. దాన్ని తాడుతో మెడకు గాని, దిష్టికి కట్టిన నల్లతాడుకు గాని ముడివేయకు, మెడకు బిగుసుకుంటుంది. కింద పడితే నీ నోట్లో చీకి శుభ్రం చేయకుండా నీళ్లతో కడుగు; పగులు కనిపిస్తే పారేయి.

ఆరు నెలలు దాటాక పీక వాడే పిల్లలకు చెవిపోట్లు ఎక్కువ కనుక అప్పటినుంచి నిద్రకు మాత్రమే ఉంచి, మెల్లగా మాన్పించు. మూడేళ్లు దాటీ సాగితే పైవీ కిందవీ ముందుపళ్లు కలవకుండా ఎడం కావచ్చు.

ఆదివారం వీడియోలో పాప పాలు తాగేటప్పుడు చూపించు. రొమ్ము సరిగ్గా పట్టుకుంటున్నదో లేదో చూస్తాను.

మీ అమ్మమ్మ