పాత చీరలతో ఇంట్లోనే జంపఖానా నేయొచ్చా? నేయొచ్చు, మేం నేస్తున్నాం

మీరు అడిగింది ఇదీ: ఇంట్లో పాత కాటన్ చీరలు చాలా ఉన్నాయి, వాటితో నేల మీద పరుచుకునే రగ్గు చేత్తో నేయాలని ఉంది, దానికి మగ్గం కొనాలా, చిన్నపిల్లలున్న ఇంట్లో ఇది కుదిరే పనేనా అని. కుదురుతుంది. మగ్గం మాత్రం కొనొద్దు. మా ఇంట్లో రెండేళ్లుగా సద్దుల బతుకమ్మ అయిపోయిన మర్నాటి నుంచి కార్తీక పౌర్ణమి దాకా హాల్లో ఇదే పని, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు పేరు సంగతి. మన దగ్గర రగ్గు అంటే కప్పుకునేది, మీరు అంటున్నది జంపఖానా. దాన్నే తివాచీ అనేవాళ్లూ ఉన్నారు కానీ రెండూ వేరు. తివాచీకి పైన నూగు, అంటే బ్రష్‌లా నిలబడే మెత్తటి కుచ్చు ఉంటుంది, పడుగు పోగులకి, అంటే నిలువు పోగులకి ఒక్కొక్క ముడీ వేసి కత్తిరిస్తూ పోవాలి, ఏలూరు ఉన్ని తివాచీలు అలాంటివి, దానికి ఏళ్ల తరబడి చేయి తిరగాలి. జంపఖానా చదునుగా ఉంటుంది, నూగు ఉండదు, ఎటు తిప్పి పరిచినా ఒకటే. ఇంట్లో మనం చేయగలిగింది ఇదే. యూట్యూబ్‌లో ముడుల తివాచీల వీడియోలు చూసి భయపడి ఉంటే వాటిని పక్కన పెట్టేయండి.

మాది హనుమకొండ. మా అమ్మవాళ్లిల్లు వరంగల్‌లో జంపఖానాలు నేసే కొత్తవాడకి దగ్గర, బడి నుంచి వచ్చేటప్పుడు ఆ సందుల్లో ఇనుప పళ్లున్న పంజాతో పేకని, అంటే అడ్డంగా వేసే పోగుని కొట్టే చప్పుడు వింటూ పెరిగాను. వరంగల్ తివాచీలు 1851లోనే లండన్ మహా ప్రదర్శన దాకా వెళ్లాయి, వరంగల్ జంపఖానాలకి 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చింది, ఊరివాళ్లం కాబట్టి ఆ గర్వం మాకు ఉంది. కానీ నేను మొదటిసారి చేతులతో పని మొదలుపెట్టింది మాత్రం మా అత్తమ్మ బీరువా ఖాళీ చేస్తూ, చిరుగులు పడ్డ కాటన్ చీరలు పదకొండు తీసి "ఇవి ఎవరికి ఇస్తాం, పారేయడానికి చేతులు రావట్లేదు" అన్నప్పుడు.

మగ్గం బదులు ఒక చెక్క చట్రం చాలు, అది ఇలా చేయించుకోండి. రెండంగుళాల మందం ఉన్న చెక్కతో మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు, మూలలు గట్టిగా బిగించమని వడ్రంగికి గట్టిగా చెప్పండి, ఎందుకంటే వంద పోగులు కలిసి లాగితే పల్చటి చెక్క విల్లులా వంగిపోతుంది. పైన 48, కింద 48 మేకులు, అరంగుళానికి ఒకటి, అన్నీ ఒకే గీత మీద కొడితే చెక్క చీలుతుంది కాబట్టి ఒకటి కాస్త పైకి, ఒకటి కాస్త కిందికి. మేకు చుట్టూ తిప్పుతూ పోతే ఒక్కో మేకుకి రెండు పోగులు, మొత్తం 96, అంటే రెండడుగుల వెడల్పు వస్తుంది. పడుగుకి లావుపాటి గట్టి నూలు దారం కావాలి, దాదాపు 110 మీటర్లు పడుతుంది, మీరు 150 తెచ్చుకోండి. నైలాన్ వద్దు, సాగుతుంది, పైగా ముడి జారిపోతుంది. పడుగు అంతటా బిగువు ఒకేలా ఉండాలి. అరచేయి పోగుల మీద ఆడించి చూడండి, ఎక్కడ మెత్తగా తగిలిందో అక్కడ మళ్లీ లాగాలి. ఈ ఒక్క పనికి ఓపిక పట్టండి, మిగతాదంతా తేలిక.

చీరల్ని ఉతికి ఎండలో బాగా ఆరబెట్టి, నిలువునా రెండంగుళాల పేలికలుగా చింపాలి. కత్తెరతో అంచు దగ్గర చిన్న గాటు పెట్టి చేత్తో లాగితే నేరుగా చిరుగుతుంది, ఆ చప్పుడంటే మా బాబుకి ఎంత ఇష్టమో, ఆ పని వాడిదే. మాకు రెండడుగులు బై మూడడుగుల జంపఖానాకి రెండు చీరలు పట్టాయి. వానలు తగ్గాకే మొదలుపెట్టండి, దానికి కారణం ఉంది. నేలలో గుంట తవ్వి అందులో కాళ్లు పెట్టుకుని నేసే గుంట మగ్గాల వాళ్లకి వానాకాలం ఎంత కష్టమో కొత్తవాడలో చూశాను, గుంటలో చెమ్మ చేరుతుంది, గంజి పెట్టిన పడుగు ఆరదు. మనకి గుంట లేకపోయినా తడి ఆరని పేలికలతో నేస్తే మాత్రం ముక్క వాసన వస్తుంది. ఆశ్వయుజం ఎండ దీనికి సరిగ్గా సరిపోతుంది.

నేత అంటే మీకు తెలిసిందే, ఒక పోగు పైనుంచి, ఒక పోగు కిందినుంచి. ప్రతిసారీ వేళ్లతో ఎత్తుకుంటూ కూర్చుంటే వారంలో విసుగొస్తుంది. వెడల్పాటి స్కేలు లాంటి చెక్కని ఒకటి విడిచి ఒకటి పోగుల మధ్య దూర్చి ఉంచండి, దాన్ని నిలబెడితే సందు తెరుచుకుంటుంది. రెండో వరుసకి కిందున్న పోగుల్ని ఒక్కొక్కటీ దారపు ఉచ్చుతో ఒక కర్రకి కట్టేయండి, ఆ కర్ర ఎత్తితే అవి పైకి వస్తాయి. పంజా బదులు మేం పెద్ద చెక్క దువ్వెన వాడతాం. పైన చివరి నాలుగైదు అంగుళాల్లో సందు తెరుచుకోదు, అక్కడికి ఆపేసి పడుగు కోసి రెండేసి పోగులకి ముళ్లు వేసుకోవడమే.

మొదటిసారి నేను చేసిన తప్పు మీరు చేయకుండా చెప్తాను. పేకని బిగుతుగా లాగాను. అంచు నీటుగా వస్తోంది కదా అని సంతోషపడ్డాను, తీరా టేపు పెట్టి చూస్తే మొదట్లో 24 అంగుళాలున్నది నడుమ దగ్గర 20కి వచ్చేసింది. ఏడుపొచ్చింది, పది రోజుల పని. అమ్మవాళ్ల వీధిలో మగ్గం నేసే పెద్దాయన దగ్గరికి ఫొటో తీసుకెళ్తే ఆయన ఎక్కువేం మాట్లాడలేదు, గాల్లో వేలితో ఒక వంపు గీసి "పేకకి దారి ఇయ్యాలె బిడ్డా, గుంజద్దు" అన్నారు. అంటే పేలికని సందులో హరివిల్లులా వంచి వదిలి, అప్పుడు కిందికి కొట్టాలి, ఆ వంపులో ఉన్న ఎక్కువ పొడవే పోగుల చుట్టూ సర్దుకుంటుంది. ఇంటికొచ్చి అంతా విప్పేసి మళ్లీ మొదలుపెట్టాను. అంగుళం అంగుళానికీ టేపు పెట్టి చూడండి. ఇంకొకటి, రెండు రంగులు పక్కపక్కన వచ్చేచోట రెండు పేలికల్నీ ఒకదాంట్లో ఒకటి మెలేసి వెనక్కి తిప్పాలి, లేకపోతే అక్కడ నిలువునా చీలిక మిగిలిపోతుంది.

పిల్లల సంగతికొస్తే, మా పాపకి తొమ్మిది, బాబుకి ఆరు. చట్రాన్ని గోడకి ఆనించి పైన తాడుతో కట్టేశాం, మేకుల తలలు గోడవైపు. సాయంత్రం తులసి దగ్గర దీపం పెట్టి వచ్చాక గంటసేపు పని. పాప కుడివైపు, నేను ఎడమవైపు, పేలిక చేతులు మారుతూ ఉంటుంది, మా ఆయన ఉడకబెట్టిన పల్లీలు గిన్నెలో పోసుకుని వలిచి అందరి నోట్లో పెడుతుంటారు, మా చేతులు ఖాళీగా ఉండవు కదా. సీతాఫలాలు మాత్రం పని అయ్యేదాకా ముట్టకూడదని పెట్టుకున్నాం, ఆ జిగురు పడుగుకి అంటితే పోగులు అతుక్కుపోతాయి. ఆ గంటలో టీవీ ఉండదు, ఉండకూడదని ఎవరూ అనలేదు, ఎవరికీ గుర్తురాదు. చలి మొదలయ్యే ఆ రోజుల్లో తలుపులు దగ్గరగా వేసుకుని నలుగురం ఒకే చట్రం ముందు కూర్చోవడం నాకు చాలా ఇష్టం, మిగతా పది నెలలూ దాని కోసం ఎదురుచూస్తాను.

అత్తమ్మ మొదట్లో దూరంగానే కూర్చునేవారు. ఒకరోజు వంకాయ రంగు పేలిక ఒకటి సగం వరుసలో ఉండగా లేచొచ్చి, దాని అంచున మిగిలిన పసుపు గీతని వేలితో పట్టుకుని చూశారు. మా ఆయన పుట్టినప్పుడు ఇరవై ఒకటోరోజు కట్టుకున్న చీర అది. "ఇటు ఇయ్యి, ఈ వరుస నేను వేస్త" అన్నారు. ఆ వరుసే కాదు, ఆ చీర అయిపోయేదాకా ఇంకెవర్నీ వేయనివ్వలేదు. మీరూ చీరలు చింపేముందు పెద్దవాళ్లని ఒకసారి అడగండి, ఏది ఎప్పటిదో చెప్తారు, కొన్ని చింపొద్దని కూడా చెప్తారు, అవి వెనక్కి ఇచ్చేయండి.

ఆ మొదటి జంపఖానాకి మొత్తం మూడు వారాలు పట్టింది, విప్పి మళ్లీ నేసింది కలిపి. అది నేశాక ఎగ్జిబిషన్‌లో జంపఖానా ధర తగ్గించమని అడగడం మానేశాను, మగ్గం మీద ఒక్క అంగుళం వెనక ఎంత పని ఉందో నా భుజాలకి తెలుసు.

మీరు మొదటిసారి మూడడుగులకి వెళ్లకండి. అడుగు బై అడుగున్నర, పూజ దగ్గర కూర్చునే ఆసనమంత నేయండి, వారంలో అయిపోతుంది. మా పాప ఈ ఏడాది విడిగా చిన్న చట్రం మీద అదే నేసింది, అంచులు కాస్త వంకర, అత్తమ్మ కార్తీక సోమవారాలు దాని మీదే కూర్చుంటున్నారు. చట్రానికి కొలతలు ఏమైనా అర్థం కాకపోతే అడగండి, చెప్తాను.