టోటల్ లాస్ అన్న స్ప్లెండర్‌ను 15 వేలల్ల లేపొచ్చా?

ప్రశ్న: నాన్న బండి 2018 స్ప్లెండర్ ప్లస్, కార్బురేటర్ మోడల్, స్పోక్స్ చక్రాలు. నర్సంపేట రోడ్డు మీద ఆగి ఉన్న ట్రాక్టర్ ట్రాలీకి ఎనుకనుంచి తగిలింది. ఫోర్కు వంగింది, ముందు రిమ్ము అష్టవంకరలు పోయింది, ట్యాంకుకు సొట్ట పడ్డది, హెడ్‌లైటు, మీటరు పలిగినయ్. షోరూం ఎస్టిమేటు చూసి ఇన్సూరెన్సోళ్లు టోటల్ లాస్ అన్నరు, బండి మాకే వదిలేసిండ్రు. ఆరు నెలల సంది ఇంటి ముందలనే ఉన్నది. నేను డిగ్రీ చదువుతున్న. సెకండ్ హ్యాండ్ సామానుతోటి 15 వేలల్ల లేపొచ్చా? సామాను వరంగల్‌ల దొరుకుతదా, హైదరాబాద్ పోవాల్నా?

జవాబు:

తమ్మీ, టోటల్ లాస్ అన్నది లెక్కల మాట. రిపేరు ఖర్చు ఐడీవీల, అంటే పాలసీల రాసిన బండి విలువల, 75 శాతం దాటితే అట్ల రాస్తరు. నాలుగేండ్లు దాటి ఐదేండ్ల లోపున్న బండికి ఐడీవీ లెక్కల 50 శాతం తరుగు పోతది, అటెనుక ఇంకా తక్కువకే మాట్లాడుకుంటరు. ఎస్టిమేటేమో ప్రతి సామాను కొత్త ధరకు వేసి, మీదికెళ్లి లేబర్ కలుపుతది. అందుకే వంద సీసీ బండ్లు ముందు భాగం ఒక్కటి పోయినా టోటల్ లాస్‌ల పడతయ్. నీ బండి లేస్తదా లేవదా అన్నది చాసిస్ మెడ, అంటే ముందట ఫోర్కు, హ్యాండిలు తిరిగే గొట్టం, చెప్తది. ఆ మెడ చూడకముందు ఒక్క రూపాయి సామాను కూడ కొనకు. నా జవాబుల ముఖ్యమైన ముక్క ఇదే.

మెడకంటే ముందు ఒక కాగితం పని ఉన్నది. క్లెయిమ్ ఇచ్చేటప్పుడు ఆర్‌సీ రద్దు చేపిచ్చిండ్రా లేదా అని ఆర్టీఏల కనుక్కో. మళ్ల వాడలేని బండి అని ఓనరు రాసిస్తే మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్ రద్దయితది. రద్దయి ఉంటే ఆ బండిని బాగు చేసుడు దండుగ. ఇంజిను, ఎనుక చక్రం, సీటు విడివిడిగ అమ్ముకో. ఆర్‌సీ బతికి ఉంటే 15 ఏండ్ల లెక్కన నీకు 2033 దాక సమయమున్నది. టోటల్ లాస్ పైసలు ఇచ్చినంక పాత పాలసీ ఉండదు, రోడ్డెక్కే ముందు కొత్తది తీసుకోవాలె.

ఇగ మెడ. బండిని సెంటర్ స్టాండ్ మీద పెట్టి ట్యాంకు, హెడ్‌లైటు, హ్యాండిలు, ముందు చక్రం, ఫోర్కు, టీ (ఫోర్కు పైపులు రెండింటినీ పట్టి మెడల తిరిగే ముక్క) అన్నీ దించు. మెడ దగ్గర మీది పైపు, కిందికి దిగే పైపులు కలిసే చోట మట్టి, గ్రీసు కడిగి పగటి వెలుతురుల చూడు. రంగు ముడతలు పడ్డదా, పెచ్చులు లేచినయా, వెల్డింగు పక్కపొంటి వెంట్రుక లెక్క గీత కనబడుతున్నదా? అనుమానముంటే అక్కడ కిరోసిన్, దొరక్కపోతే డీజిల్ పూసి పావుగంట ఆగు. పొడిబట్టతోటి గట్టిగ తుడిచి సుద్దముక్క పొడి రాయి. పగులుంటే లోపలికి పోయిన నూనె బయటికొచ్చి సుద్ద మీద తడి గీత పడతది.

పగులు లేకున్నా మెడ ఎనుకకు వంగి ఉండొచ్చు. అది కంటికి అందదు, కొలవాలె. మెడల బాల్స్ కూసునే మీది కప్పుకు, కింది కప్పుకు సరిపోయేటట్టు లేత్ దగ్గర రెండు బుష్షులు కోపిచ్చి వాటిల నుంచి ఒక తిన్నని రాడ్డు దింపు. రాడ్డు కోణాన్ని ఫోన్ల లెవెల్ యాప్ పెట్టి చూడు, అట్లనే సీటు కింది చాసిస్ పైపు కోణం కూడ చూడు. రెండింటి తేడా రాసుకో. గల్లీల అదే మోడల్ మంచి బండి ఒకటి పట్టుకొని, దానికి ఫోర్కు పైపు మీద, సీటు కింది పైపు మీద ఇదే కొలత తియ్యి. స్ప్లెండర్‌తోటి సుఖమేందంటే కొలతకు ఇంకో బండి ఎప్పుడూ పక్కనే ఉంటది. రెండు బండ్ల లెక్కల నడుమ ఒక డిగ్రీకి మించి తేడా వస్తే మెడ కదిలినట్టే. ముందట నిలబడి చూస్తే రాడ్డు ఎనుక చక్రంతోటి ఒకే నిలువుల కనబడాలె, పక్కకు ఒరిగి ఉంటే అదీ పోయినట్టే.

మెడ పోతే ఆపెయ్యి. గ్యాసు పెట్టి ఎర్రగ కాల్చి గుంజి సాపు చేస్తమనేటోళ్లు ఉంటరు. కాల్చిన చోట పైపు బలం తగ్గుతది, పైన చూడనీకి మంచిగనే ఉండి గుంతల పడ్డనాడు ఇరుగుతది. చాసిస్ నంబరు చెక్కిన చోటు చెడితే ఆర్టీఏల జవాబు చెప్పలేవు. ఇంకో బండి చాసిస్ తెచ్చి ఎక్కిచ్చుడు ఇంకా పెద్ద తప్పు, దాని నంబరు వేరు, ఆ నంబరు మీది ఆర్‌సీ వేరు.

మెడ బాగుంటే పని సగం తేలికైనట్టే. నువ్వు చెప్పిన దెబ్బకు ఫోర్కు పైపులు రెండూ, టీ కూడ పోయి ఉంటయ్. చాలామంది పైపులు మార్చి టీ వదిలేస్తరు, బండి ఒక దిక్కుకు గుంజేది దానితోనే. పైపును మందపు అద్దం మీద పెట్టి దొర్లియ్యి, కింద సందు కనబడితే ఫీలర్ గేజ్ దూర్చు. 0.2 మిల్లీమీటర్లకు మించి ఆడితే ఆ పైపు పక్కన పెట్టు. టీకి తిన్నని పైపులు రెండు బిగిచ్చి పక్క నుంచి ఒక కన్ను మూసి చూడు. దగ్గరి పైపు ఎనుక దూరం పైపు మొత్తం దాక్కోవాలె. కింద కలిసి మీద విడిపోతే టీ మెలి తిరిగింది. ప్రెస్సు మీద పైపులు సాపు చేపిచ్చుకోకు. వంగి లేచిన చోట క్రోము చిట్లి ఆయిల్ సీలును కోస్తది, నెల తిరగకుండ నూనె కారి బ్రేకు షూల దాక పోతది.

అందుకే టీతో సహా ఫోర్కు సెట్టు ఒకే బండిది చూసుకొని కొను. అమ్మేటాయన ముందలనే పైపు మీద గోరు గీకు, సీలు ఆడే జాగల గోరు తట్టుకుంటే వద్దను. నీ పాత పైపు, యాక్సిలు వెంట పట్టుకపోయి పొడవు, మందం పక్కపక్కన పెట్టి చూడు. ఇంటికి తెచ్చినంక ఆయిల్ సీళ్లు, డస్ట్ సీళ్లు కొత్తవి వెయ్యి, రెండు కాళ్లల్ల ఫోర్క్ ఆయిల్ కొలగ్లాసుతోటి సమానంగ పొయ్యి. ఒకదాంట్ల ఎక్కువైతే బ్రేకు వేసినప్పుడు ముందు భాగం మెలి తిరిగినట్టు అయితది.

కోన్ సెట్టు, అంటే మెడల హ్యాండిలు తిరిగే బాల్స్, కప్పులు, మాత్రం కచ్చితంగ కొత్తదే. ఎదురు దెబ్బకు బాల్స్ పోయి కప్పులల్ల చిన్న చిన్న గుంటలు కొడతయ్. ఆ తర్వాత హ్యాండిలు నట్టనడుమ వచ్చినప్పుడు టక్కున ఆగుతది, బండి తిన్నగ పోకుండ పాములెక్క పోతది. పాత కప్పులు కొట్టి తీసి కొత్తవి వంకర లేకుండ దింపి, గ్రీసు నిండుగ పెట్టు. నట్టు బిగువు ఎంతంటే చక్రం పైకి లేపినప్పుడు హ్యాండిలు తన బరువుకు తానే రెండు దిక్కులకు వాలాలె, ఫోర్కు కింది కొసలు పట్టుకొని ముందుకు ఎనుకకు ఊపితే టకటక అనొద్దు.

చక్రానికి రెండు దారులు. హబ్బు బాగుంటే 18 అంగుళాలు, 36 బెజ్జాల రిమ్ము, కొత్త స్పోక్స్ తెచ్చి చక్రాలు కట్టేటాయన దగ్గర ఎక్కిపిచ్చు. లేదా మొత్తం చక్రమే సెకండ్ హ్యాండ్ కొను. యాక్సిలు మీద తిప్పి, కదలకుండ ఒక పుల్ల ఆనిచ్చి చూడు, పక్కకైనా ఎత్తుకైనా 2 మిల్లీమీటర్ల లోపే ఆడాలె. పాత రిమ్మును సుత్తెతోటి కొట్టి కట్టియ్యమనకు, స్పోక్స్ బిగువు ఒక్క తీరుగ కుదరదు, రోజుకొకటి తెగుతది. బేరింగులు పాతవాటి పక్కన చెక్కిన నంబరు చూపిచ్చి కొత్తవే వెయ్యి. టైరు పాతది తీసుకుంటే పక్క గోడ మీద చివరి నాలుగంకెలు చదువు: 2219 అంటే 2019ల 22వ వారం. పూలు మిగిలి ఉన్నా రబ్బరు గట్టిపడ్డ టైరు వానకు జారుతది.

చక్రం బిగిచ్చేటప్పుడు ఒక్కటి మరువకు. ముందు డ్రమ్ము బ్రేకు ప్లేటుకు ఒక గాడి ఉంటది, అది ఫోర్కు కాలు మీది బుడిపెల కూసోవాలె. కూసోకపోతే బ్రేకు పట్టంగనే ప్లేటు చక్రంతోటి కలిసి తిరుగుతది, కేబులు తెగి చక్రం బిగుసుకుంటది. మనిషి హ్యాండిలు మీదికెళ్లి ముందల పడతడు. నట్టు బిగిచ్చినంక వంగి కళ్లతోటి చూసుకో.

సెకండ్ హ్యాండ్‌ల ఏది, కొత్తగ ఏది అన్నదానికి నా లెక్క ఇది. అరగకుండ, కంటితోటి పరీక్ష చేయగలిగిన లోహపు సామాను పాతది కొనొచ్చు: ఫోర్కు, టీ, హబ్బు, ట్యాంకు, హ్యాండిలు, ఫుట్ రెస్టు, మడ్‌గార్డు, సైడ్ డోములు, మీటరు. అరిగేది, ఆపేది, పట్టేది కొత్తది: బ్రేకు షూలు, కేబుళ్లు, సీళ్లు, బేరింగులు, కోన్ సెట్టు, ట్యూబు, యాక్సిలు నట్లు. పాత సామాను కొత్తదాని ధరల సగం దాటితే బేరం విడిచిపెట్టు. దానికి వారంటీ లేదు, రెండోసారి పోతే రెండు ఖర్చులు.

స్ప్లెండర్ సామానుకు హైదరాబాద్ పోనక్కర్లేదు. వరంగల్, హన్మకొండ, కాజీపేటల మెకానిక్ షెడ్లల్ల, తుక్కు దుకాణాలల్ల ఇదే బండి సామాను ఎక్కువ. తుక్కాయన తూకానికి కొన్నది నీకు సామాను ధరకు చెప్తడు, బేరం ఆ నడుమ ఉంటది. హైదరాబాద్ల పాత సామాను దొరికే పుత్లీబౌలి దాక పోవుడు అరుదైన మోడళ్లకు పనికొస్తది. ఫోర్కు కొలత తప్పి మళ్ల మార్చనీకి పోతే మిగిలినదంత రైలుకు, బస్సుకే అయితది. సరిపోకపోతే వాపసు తీసుకుంటనని బిల్లు మీదనే రాపిచ్చుకో. నంబరున్న ఇంజిను, చాసిస్ ముక్కలు మాత్రం బిల్లు, పాత ఆర్‌సీ నకలు లేకుండ ముట్టుకోకు. దొంగ సామాను అని తెలిసి కొంటే భారతీయ న్యాయ సంహిత 317 కింద కేసు కొన్నోడి మీద కూడ పడతది. ఎప్పుడన్న ఇంజిను మార్చాల్సి వస్తే 14 రోజులల్ల ఆర్టీఏకు చెప్పి ఆర్‌సీల ఎక్కిపిచ్చుకోవాలె.

ఇంజిన్‌కు వస్తే, స్ప్లెండర్ సిలిండరు ముందుకు పడుకొని ఉంటది, అందుకే ఎనుకకొచ్చిన చక్రం నేరుగ హెడ్డుకే తగులుతది. హెడ్డు పగిలిందా, ప్లగ్గు ఇరిగిందా చూడు. సైలెన్సర్ బెండు పైపు ఎనుకకు తోసుకొని హెడ్డుల దాని స్టడ్లు ఇరిగి ఉండొచ్చు. ఇరిగితే తీసి కొత్త థ్రెడ్ వేసేది లేత్‌ల అయ్యే పని, హెడ్డు మార్చమంటే ఒప్పుకోకు. ఆయిల్ డిప్‌స్టిక్కు తీసి వాసన చూడు. పెట్రోలు వాసనొచ్చి మట్టం ఎక్కువుంటే బండి పడి ఉన్నప్పుడు కార్బురేటర్ నుంచి పెట్రోలు కిందికి దిగినట్టు, ఆ నూనెతోటి స్టార్ట్ చేయకు. ఎట్లైనా ఆరు నెలలైంది కాబట్టి 10డబ్ల్యూ30 ఫోర్ స్ట్రోక్ బైక్ ఆయిల్ 900 ఎంఎల్ డబ్బా తెచ్చి డిప్‌స్టిక్కు గీత చూసి పొయ్యి. కారు నూనె పోస్తే క్లచ్చు జారుతది. ప్లగ్గు తీసి ఆ బెజ్జంల నాలుగు చుక్కల నూనె వేసి కిక్కు చేత్తోటి మెల్లగ నొక్కు, ఎక్కడా పట్టుకోకపోతే తర్వాత కాలుతోటి. కార్బురేటర్ విప్పి జెట్లు కడుగు, పాత పెట్రోలు జిగురై ఉంటది.

ట్యాంకు సొట్ట కంటికి బాగలేకపోయినా బండికి నష్టం లేదు, పైసలు మిగిలితే చూసుకో. కారుతుంటే మాత్రం మార్చు. పెట్రోలు ఆవిరి ఉన్న ట్యాంకును వెల్డింగుకు ఇయ్యకు, పేలుతది. పాతది కొనేటప్పుడు మూత తీసి టార్చి వేసి చూడు, అడుగున తుప్పు పొరలుంటే వద్దు.

వైరింగు కిట్టు సెకండ్ హ్యాండ్ దండుగ. నీది మెడ దగ్గర నలిగి ఉంటది. టేపు విప్పి తెగిన తీగలు సోల్డరింగు చేసి స్లీవు ఎక్కియ్యి. హెడ్‌లైటు బల్బు 12 ఓల్టులు 35/35 వాట్లదే వెయ్యి. ఎక్కువ వెలుతురని 60/55 వేస్తే హోల్డరు కరుగుతది.

15 వేలు నేనైతే ఇట్ల పంచుతా: ఫోర్కు, టీ, చక్రానికి 6 వేలు. సీళ్లు, బేరింగులు, కోన్ సెట్టు, షూలు, కేబుళ్లు, నూనెలు, ఇసువంటి కొత్త సామానుకు 4 వేలు. లేతు, చక్రం కట్టుడు, నీకు రాని పనికి కూలి 2 వేలు. హెడ్‌లైటు, మీటరు, డోముకు 1000. ఇన్సూరెన్సు, పొల్యూషన్‌కు 1000. 75 దాటి 150 సీసీ దాక బండ్లకు థర్డ్ పార్టీ ప్రీమియం 2022 జూన్‌ల 714 రూపాయలు పెట్టిండ్రు, జీఎస్టీ వేరే. ఆఖరి 1000 ముట్టకు, విప్పినంక ఏదో ఒకటి బయటపడక మానదు. బ్యాటరీ, చైన్ సెట్టు కూడ పోయి ఉంటే 15 వేలల్ల కాదు, 18కి సిద్ధంగుండు.

అంతా బిగిచ్చినంక ఎనుక టైరు నుంచి ముందు టైరు దాక రెండు దిక్కుల దారం గుంజి చూడు. రెండు టైర్లు 2.75-18 అయితే హ్యాండిలు తిన్నగ పెట్టినప్పుడు దారం నాలుగు చోట్ల తగలాలె. తర్వాత పొద్దుగాల ఖాళీ కాలనీ రోడ్డు మీద 20ల నడుపు, బ్రేకులు పట్టి చూడు. అప్పుడు 30ల హ్యాండిలు మీద చేతుల పట్టు వదులు చెయ్యి, చేతులు పూర్తిగ తియ్యకు. పక్కకు గుంజితే మళ్ల టీ దగ్గరికే పో. 50 కిలోమీటర్లకు ఒకసారి, 200లకు ఇంకోసారి కోన్ నట్టు, యాక్సిలు, స్పోక్స్ బిగువు చూడు. కొత్త కప్పులు, కొత్త స్పోక్స్ మొదటి వారం కచ్చితంగ వదులైతయ్.