టెక్ సందేహాలు: రిలయన్స్ షేరు సగానికి పడిపోయిందని ఏఐ ఎందుకు అంటోంది?

ప్రశ్న: షేర్ల ఓపెన్, హై, లో, క్లోజ్, వాల్యూమ్ తెచ్చిచ్చే టూల్ ఒకటి పైథాన్‌లో రాసి, ఎంసీపీ (ఏఐని బయటి టూల్స్‌తో కలిపే ఒక ప్రమాణం) ద్వారా ఏఐ ఏజెంట్‌కి కలిపాను. టూల్ బాగానే పనిచేస్తోంది, ఏజెంటే తప్పులు చెబుతోంది. 2024 అక్టోబరులో రిలయన్స్ ఒక్క రోజులో సగానికి పడిపోయిందంటుంది, మార్కెట్ తెల్లవారుజామున 3:45కి మొదలవుతుందంటుంది. టూల్ వివరణలో ‘స్టాక్ చార్టు డేటా ఇస్తుంది’ అని ఒక్క లైను రాశాను. మోడల్ మార్చమంటారా?

జవాబు: మోడల్ జోలికి వెళ్లకండి, ముందు ఆ ఒక్క లైను మార్చండి. మీ పైథాన్ కోడ్ ఏజెంట్‌కి కనపడదు. దానికి తెలిసేది టూల్ పేరు, మీరు రాసిన వివరణ, ఏయే ఇన్‌పుట్‌లు ఇవ్వాలో చెప్పే పట్టిక (స్కీమా), అంతే. అదే మీ టూల్‌ని ఇంకో డెవలపర్ వాడితే అనుమానం వచ్చిన చోట మీకు ఫోన్ చేస్తాడు, ఏజెంట్ మాత్రం చాలాసార్లు తనకు తోచింది అనుకుని ముందుకు వెళ్లిపోతుంది.

రిలయన్స్ సంగతే చూడండి. ఆ కంపెనీ 1:1 బోనస్ ఇచ్చింది, రికార్డు తేదీ 2024 అక్టోబర్ 28. చేతిలో పది షేర్లున్నవాళ్లకి ఇరవై అయ్యాయి, ధర సగమైంది, బోనస్ వల్ల ఎవరికీ పైసా నష్టం లేదు. మీ టూల్ బోనస్‌లు, స్ప్లిట్‌లు (ఒక షేరును చిన్న షేర్లుగా విడగొట్టడం) సర్దుబాటు చేయని ధర ఇస్తోంది కాబట్టి చార్టులో పెద్ద గొయ్యి కనిపిస్తుంది, ఏజెంట్ దాన్ని పతనం అనుకుంటుంది. అలాగని ఎప్పుడూ సర్దుబాటు చేసిన ధరే ఇస్తే ఇంకో తంటా. ‘2023లో నేను కొన్న రోజు ధర ఎంత?’ అని ఎవరైనా అడిగితే అసలు ధరలో సగం చూపిస్తుంది. అందుకే రెండూ ఇచ్చేలా ఒక ఇన్‌పుట్ పెట్టండి, ఏ ప్రశ్నకి ఏది వాడాలో వివరణలో రాయండి. ఇచ్చిన ధర సర్దుబాటు చేసిందా కాదా అన్నది జవాబు డేటాలో కూడా పెట్టడం ముఖ్యం, ఎందుకంటే సంభాషణ సాగేకొద్దీ ఏజెంట్ ఎక్కువగా చేతిలో ఉన్న డేటా మీదే ఆధారపడుతుంది.

3:45 అన్నది యూటీసీ, అంటే ప్రపంచ ప్రామాణిక టైమ్. మనకి ఐదున్నర గంటలు కలిపితే 9:15, ఎన్‌ఎస్‌ఈ మొదలయ్యే సమయం సరిగ్గా అదే. పది అంకెల టైమ్‌స్టాంప్ (సమయాన్ని సెకన్ల లెక్కలో చెప్పే సంఖ్య) పంపే బదులు తేదీ, సమయం, పక్కనే +05:30 అని పంపండి. క్యాండిల్ (చార్టులో ఒక రోజు, గంట లేదా నిమిషం ధరల్ని చూపే గీత) మీద రాసిన సమయం దాని మొదలా చివరా అన్నదీ చెప్పండి. ఇంకోటి, ఇది నన్ను చాలా ఇబ్బంది పెట్టింది: పొద్దున 11కి అడిగితే ఈరోజు క్యాండిల్‌లో ‘క్లోజ్’ కింద ఏదో ఒక అంకె ఉంటుంది, కానీ అది ముగింపు ధర కాదు, అప్పటి ధర. ‘ఈ క్యాండిల్ ఇంకా పూర్తి కాలేదు’ అని ఒక గుర్తు పెట్టకపోతే ఏజెంట్ దాన్నే ముగింపుగా చెప్పేస్తుంది. గంట క్యాండిల్స్‌లోనూ ఇలాంటిదే ఉంది. 9:15 నుంచి 3:30 దాకా లెక్కేస్తే ఆరు పూర్తి క్యాండిల్స్, చివర పావుగంట ముక్క ఒకటి వస్తాయి. ఆ ముక్క పావుగంటదేనని రాయకపోతే ‘చివరి గంటలో వాల్యూమ్ తగ్గిపోయింది’ అని ఏజెంట్ విశ్లేషణ మొదలుపెడుతుంది.

డేటా లేనప్పుడు ఖాళీ లిస్టు పంపకండి. అంకెలు లేవని చెప్పకుండా ఏజెంట్ ఊహించి రాసే ప్రమాదం ఇక్కడే ఎక్కువ, డబ్బు వ్యవహారంలో అది అస్సలు కూడదు. సెలవా, సింబల్ (ఎక్స్ఛేంజీలో షేరుకి వాడే పొట్టి పేరు) తప్పా, సర్వర్ పలకలేదా, ఏదైతే అది మాటల్లో పంపండి, తర్వాత ఏం చేయాలో కూడా చెప్పండి. ‘శని, ఆదివారాలు డేటా ఉండదు’ అని మాత్రం రాయొద్దు: 2025 ఫిబ్రవరి 1 శనివారమే అయినా బడ్జెట్ కోసం మార్కెట్ తెరిచారు. సింబల్స్‌కి ఉదాహరణలివ్వండి, జొమాటో 2025లో ఎటర్నల్ అయింది కాబట్టి పాత పేరుతో అడిగితే కొత్తది చెప్పేలా ఉండాలి. మహీంద్రా సింబల్‌లో & గుర్తు ఉంటుంది, దాన్ని యూఆర్‌ఎల్‌లో నేరుగా పెడితే రిక్వెస్ట్ విరిగిపోతుంది. ఆ మార్పిడి మీ కోడ్‌లోనే చేసేయండి, ఏజెంట్‌కి వదలొద్దు.

సైజు కూడా చూసుకోండి. నిమిషం క్యాండిల్స్ రోజుకి 375, ఇరవై ట్రేడింగ్ రోజులకి 7,500. అంత డేటా ఒకేసారి పోస్తే ఏజెంట్ కాంటెక్స్ట్ (అది ఒకేసారి చూడగలిగే సమాచారం) నిండిపోతుంది. గరిష్ఠంగా ఎన్ని ఇస్తారో, దాటితే పాతవి కోస్తారో కొత్తవి కోస్తారో రాయండి.

వివరణ మార్చాక కొత్త సెషన్ తెరిచి, మీరేమీ అదనంగా చెప్పకుండా అదే రిలయన్స్ ప్రశ్న, ఒక సెలవు రోజు ప్రశ్న, ‘ఇవాళ్టి క్లోజ్ ఎంత’ అన్న ప్రశ్న పొద్దున్నే అడిగి చూడండి. ఎక్కడ తప్పితే అక్కడ వివరణలో ఒక వాక్యం కలపండి.