డేవిడ్‌లా నటుడినవుతానంటున్న అబ్బాయి తండ్రికి

ప్రశ్న: మా అబ్బాయికి 22 ఏళ్లు. బీకాం పూర్తయింది. లా చదివించాలని మా కోరిక. వాడు మాత్రం పాత హిందీ సినిమాల్లోని డేవిడ్ అనే నటుడిని చూపించి, హీరో కావాలని తనకు లేదనీ, ఆయనలా క్యారెక్టర్ ఆర్టిస్టునవుతాననీ పట్టుబడుతున్నాడు. హైదరాబాద్‌లో 11 నెలల నటన డిప్లొమాకు మూడున్నర లక్షలు అడుగుతున్నారు, ఈ నెలాఖరులోగా కట్టాలట. నా పీఎఫ్ నుంచి తీయాలి. పైగా మావాడు పొట్టి, ఇప్పటికే జుట్టు పలచబడుతోంది. లా, డిప్లొమా రెండింటినీ పోల్చి ఏది మేలో చెప్పండి. నలుగురూ అడిగితే ఏమని చెప్పుకోవాలో తోచడం లేదు. – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: నమస్కారమండీ. మీరు లా అనీ డిప్లొమా అనీ రెండు పేర్లు రాశారు గానీ, మీ అసలు దిగులంతా ఆ చివరి వాక్యంలోనే ఉంది. ఇలాంటి ఉత్తరాలు నాకు ఏళ్ల తరబడి వస్తున్నాయి. ఊరు మారుతుంది, కోర్సు పేరు మారుతుంది, చివరి వాక్యం మాత్రం మారదు. కాబట్టి పోలిక సంగతి కాసేపు పక్కన పెట్టి, మీ అబ్బాయి ఆదర్శంగా ఎంచుకున్న మనిషి ఎవరో ముందు చూద్దాం. ఆ ఎంపికలో మీరు గమనించని వివేకం ఒకటి నాకు కనిపించింది.

ఆయన పూర్తి పేరు డేవిడ్ అబ్రహాం చేవుల్కర్. బెనె ఇజ్రాయెల్ శాఖకు చెందిన యూదుడు. ఈ యూదులు కొంకణ తీరంలో తరతరాలుగా స్థిరపడి, మరాఠీ మాట్లాడుతూ, గానుగలు ఆడించుకుని బతికినవారు. శనివారం వాళ్లకు విశ్రాంతి దినం, ఆ రోజు గానుగ తిరగదు; అందుకే చుట్టుపక్కల ఊళ్లవాళ్లు వాళ్లను ‘శనివారపు తేలీలు’, అంటే శనివారం పని మానే గానుగవాళ్లు, అని పిలిచేవారు. కొంకణంలోని చేవుల్ అనే తీరప్రాంతపు ఊరి పేరే ఆయన ఇంటిపేరులో ఉంది. తరవాతి తరాలు బొంబాయి చేరి, చదువుకుని, ఎక్కువగా ఆఫీసు ఉద్యోగాల్లో కుదురుకున్నాయి. డేవిడ్ కూడా 1930లో బొంబాయి విశ్వవిద్యాలయంలో బీఏ పూర్తి చేశారు. ప్రపంచమంతా ఆర్థిక మాంద్యంలో కొట్టుమిట్టాడుతున్న రోజులవి. ఆరేళ్లు తిరిగినా ఉద్యోగం దొరకలేదు. బొంబాయి గవర్నమెంట్ లా కాలేజీ నుంచి న్యాయశాస్త్ర పట్టా కూడా ఆయనకు ఉంది. చివరికి ఒక మిత్రుడి సాయంతో 1937లో సినిమాల్లో అడుగుపెట్టారు.

ఇక్కడ ఒక లెక్క వేయండి. ఆయనకు పేరు తెచ్చిన ‘బూట్ పాలిష్’ విడుదలైనది 1954లో, ఆ సినిమాకు ఉత్తమ సహాయ నటుడిగా ఫిలింఫేర్ అవార్డు అందుకున్నది 1955లో. అంటే మొదటి సినిమా తరవాత 17 ఏళ్లకు, నలభై అయిదు దాటబోయే వయసులో. మీ అబ్బాయికి ఇప్పుడున్న వయసుకు మరో ఇరవై ఏళ్లకు పైగా కలిపితే గానీ ఆ రోజు రాదు. ఈ లెక్క మీ అబ్బాయికి తెలిసే ఉంటుందని నా నమ్మకం, ఎందుకంటే హీరోలను చూసి మోజుపడేవాడు ఇలాంటి మనిషిని వెతికి పట్టుకోడు.

‘బూట్ పాలిష్’ను మీరు చూసి ఉండకపోతే ఒకసారి చూడండి. బొంబాయి మురికివాడలో ఇద్దరు అనాథ పిల్లలు, వాళ్లచేత అడుక్కు తినిపించే ఒక పినతల్లి, ఆ పక్కనే దొంగసారా అమ్ముకుని బతికే జాన్ చాచా. ఆ జాన్ చాచా పాత్రే డేవిడ్‌ది. చట్టం కళ్లకు తప్పుడు పని చేసే ఆ మనిషే, చెయ్యి చాచి అడగకండి, కష్టపడి సంపాదించుకోండి అని పిల్లలకు నేర్పుతాడు. మీ గుప్పిట్లో ఏముంది అని అడుగుతూ పిల్లల మధ్య ఆయన ఆడిపాడే పాట ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది. ఆ సన్నివేశంలో ఆయన ముఖాన్ని గమనించండి: ఉపదేశం చేస్తున్నవాడి గాంభీర్యం ఎక్కడా ఉండదు, తన బతుకులో తాను చేయలేకపోయిన పనిని పిల్లలైనా చేస్తే చాలునన్న ఆత్రం ఒక్కటే కనిపిస్తుంది. అదే జాన్ చాచా జైలుకు వెళ్లాక, బోడితలల ఖైదీల మధ్య కూర్చుని మేఘాన్ని రమ్మని పిలిచే పాట ఒకటి ఉంది, మన్నాడే గొంతులో. అక్కడ ఆ నున్నని బట్టతలే సన్నివేశానికి ప్రాణం.

ఇప్పుడు ఒక మాట కటువుగా చెబుతాను, క్షమించండి. కన్నకొడుకు గురించి పరాయివాడికి రాస్తూ, పొట్టి అనీ జుట్టు లేదనీ మీరు రాయకుండా ఉండాల్సింది. డేవిడ్ పొట్టివారు, బట్టతల మనిషి, మన సినిమాలు అందమని చెప్పే ముఖం కాదు. ఆ ముఖంతోనే వందకు పైగా సినిమాల్లో నటించి, 1969లో పద్మశ్రీ అందుకుని, ఫిలింఫేర్ వేడుకల్లో వ్యాఖ్యాతగా నిలబడి సభలను రంజింపజేశారు. క్యారెక్టర్ ఆర్టిస్టుకు కావలసింది ఎదురింటి మనిషిలా ఉండే ముఖం. మీ అబ్బాయి అద్దంలో తనను తాను సరిగ్గా చూసుకుని, హీరో వేషం నాది కాదు, ఇది నాది అని తేల్చుకున్నాడంటే, ఆ వయసులో అంత నిజాయితీ చాలా అరుదు. మీరు దాన్ని లోపాల జాబితాలో వేశారు. ఇంట్లో కూడా ఈ మాట అంటూ ఉంటే, దయచేసి ఇవాళ్టితో మానేయండి.

బహుముఖత్వం అంటే ఏమిటో కూడా ఆయన దగ్గరే చూడవచ్చు. దొంగసారా జాన్ చాచాగా కనిపించిన మనిషే ‘చుప్కే చుప్కే’లో హిందూ కుటుంబపు పెద్దన్నయ్య. ‘బాతోఁ బాతోఁ మేఁ’లో లోకల్ రైల్లో పెళ్లి సంబంధాలు కలిపే క్రైస్తవ పెద్దమనిషి. ‘అభిమాన్’లో కొత్త దంపతులు కలిసి పాడుతుంటే, భార్య గాత్రం భర్త గాత్రాన్ని మించిపోతున్నదని అందరికంటే ముందు గుర్తించి, ఆ కాపురం గురించి లోలోపల కలవరపడే రసజ్ఞుడు ఆయనే, రాబోయే కథంతా ముందు ఆయన కళ్లలో పడుతుంది. 1979లో వచ్చిన ‘గోల్‌మాల్’లో, ఉద్యోగం కోసం తిరుగుతున్న కుర్రాడికి ఎక్కడ ఖాళీ ఉందో, ఆ యజమానికి ఏవి గిట్టవో చెప్పి పంపే డాక్టరు పాత్ర ఆయనది. ఒకప్పుడు ఆరేళ్లు ఉద్యోగం దొరకక తిరిగిన మనిషి డెబ్బై ఏళ్ల వయసులో ఆ పాత్ర వేశారని గుర్తు పెట్టుకుని ఆ సన్నివేశం చూస్తే నాకు మనసు నిండిపోతుంది. మరో రెండేళ్లకు, 1981 చివరలో, ఆయన టొరంటోలో కన్నుమూశారు.

ఇక ఆ డిప్లొమా గురించి. నాకు దాని మీద చాలా అనుమానాలున్నాయి, దాచుకోను. గత పదేళ్లలో నటన నేర్పే సంస్థలు వీధికొకటిగా పుట్టుకొచ్చాయి. నిజంగా నేర్పేవి లేవని అనను. కానీ ఎక్కువ చోట్ల అమ్ముతున్నది నేర్పు కాదు, పరిచయాల మీద ఆశ. కొన్నేళ్ల కిందట నా దగ్గరకు ఒక అబ్బాయి అలాంటి కోర్సు పూర్తి చేసి వచ్చాడు. సంస్థ అతనికి ఒక సర్టిఫికెట్టు, నాలుగు నిమిషాల షోరీలు (అవకాశాల కోసం తన నటనను చూపించుకునే వీడియో) ఇచ్చింది. అందులో మూడు ముక్కలు: ఒకదానిలో ఏడుపు, ఒకదానిలో అరుపు, ఒకదానిలో తాగుబోతు వేషం. వెనక ఒకే నీలం తెర. అదే బ్యాచ్‌లో చదివిన మరో అమ్మాయి షోరీలు చూపించాడు. తెర అదే, తాగుబోతు వేషం తప్ప మాటలు కూడా అవే. ఆ అబ్బాయి ఏడాదిపాటు, హైదరాబాద్‌లో సినిమా వేషాల కోసం వచ్చినవాళ్లు ఉండే కృష్ణానగర్‌లో గది తీసుకుని, ఫోన్ చేతిలో పట్టుకుని, పిలుపు కోసం ఎదురుచూశాడు. అతనిలో ప్రతిభ లేదని కాదు. తాగుబోతును అతను ఎన్నడూ దగ్గరనుంచి చూడలేదు, అంతే. చూపించాల్సినవాళ్లు ఆ సంగతి చెప్పలేదు.

రీల్స్‌లో వచ్చే లైకులను నటనగా పొరబడటం కూడా ఈ కోర్సులు పెంచి పోషిస్తున్న జబ్బే. ముప్ఫై సెకన్లలో మెప్పించడం ఒక విద్య కావచ్చు. కానీ పొద్దున ఆరింటికి సెట్‌కు వెళ్లి, సాయంత్రం దాకా కుర్చీలో కూర్చుని, వెలుతురు పోతున్న వేళ ఒకే ఒక్క మాటను సరైన తీరులో చెప్పి, ఆ రోజు డబ్బుల కోసం మళ్లీ నెలా రెండు నెలలు ఆగడం క్యారెక్టర్ ఆర్టిస్టు జీవితం. ఆ ఓపిక ఏ డిప్లొమాలోనూ పాఠంగా ఉండదు. ఆ నెలా రెండు నెలలు ఇంటి అద్దె ఎవరు కడతారు అన్నదే అసలు ప్రశ్న, మీ అబ్బాయి సమాధానం చెప్పాల్సిన ప్రశ్న కూడా అదే.

మన తెలుగువాళ్లు ఈ ప్రశ్నకు ఎలా సమాధానం చెప్పుకున్నారో చూడండి. అల్లు రామలింగయ్య గారు హోమియో వైద్యం చేశారు. కోట శ్రీనివాసరావు గారు స్టేట్ బ్యాంకులో ఉద్యోగం చేస్తూ ఏళ్ల తరబడి నాటకాలు వేశారు. గొల్లపూడి మారుతీరావు గారు పత్రికలోనూ, ఆ తరవాత ఆకాశవాణిలోనూ పనిచేశారు. చేతిలో మరో పని ఉండటం వల్ల వీళ్ల నటన తగ్గలేదు. ఆ పని దగ్గర చూసిన మనుషులే తరవాత పాత్రలై వచ్చారని నేను గట్టిగా నమ్ముతాను.

మీరు అడిగిన పోలికకు వస్తాను. మూడేళ్ల లా ఫీజు, ముఖ్యంగా ప్రభుత్వ కళాశాలలో, ఆ డిప్లొమా ఫీజులో చిన్న భాగం. ప్రవేశ పరీక్ష సంగతులు మీకు తెలిసినవే కాబట్టి వాటి జోలికి వెళ్లను. లా వల్ల మాట స్పష్టమవుతుంది, చదివింది గుర్తుంటుంది, కోర్టు వరండాలో గంటసేపు నిలబడితే భూమి తగాదా పడిన అన్నదమ్ములు, విడాకులకు వచ్చిన దంపతులు, జామీను కోసం తిరిగే ముసలి తల్లి, అందరూ కనిపిస్తారు. నటుడికి అంతకన్నా పెద్ద బడి ఉండదు. అయితే అబ్బాయిని సినిమాకు దూరంగా కట్టిపడేయడానికే లా అని మీరు అనుకుంటుంటే, ఆ మూడేళ్లూ వృథా అవుతాయి. శిక్షగా పడిన చదువు ఎవరికీ అబ్బదు. ఎంచుకోమంటే లా, దానితోపాటు నాటకం అంటాను. ఒకటి ఇష్టమైనది, ఒకటి మీ మాట కోసం అన్నట్టు కాకుండా, రెండూ తన పనులే అని అతను ఒప్పుకోవాలి.

నాటకానికి ఖమ్మంలో ఉన్నవాడు ఎక్కడికో పోనక్కర్లేదు. పరిషత్తు నాటకాలు ఆడే సమాజాలు మన జిల్లాల్లో ఇంకా ఉన్నాయి. వెళ్లి మొదట తెర లాగమనండి, పెట్టెలు మోయమనండి, ప్రాంప్టింగ్ చేయమనండి. రెండేళ్లు గడిచాక కూడా ఇదే పిచ్చి మిగిలి ఉంటే, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనూ ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ రంగస్థల కళల శాఖలు ఉన్నాయి, తెలుగు విశ్వవిద్యాలయంలో కూడా ఆ చదువు ఉంది. ఢిల్లీలో 1959 నుంచి నడుస్తున్న జాతీయ నాటక పాఠశాలకు పట్టాతోపాటు నాటకాల్లో పనిచేసిన అనుభవం కావాలి. ఆ అనుభవం ఈ రెండేళ్లలో ఎలాగూ వస్తుంది. వీటిలో ఏదీ మీ పీఎఫ్‌ను మింగేయదు.

నలుగురికి ఏం చెప్పుకోవాలన్నారు. లా చదువుతున్నాడు, నాటకాలు వేస్తున్నాడు అని చెప్పండి. రెండూ నిజమే అవుతాయి, రెండింటిలోనూ తలదించుకోవాల్సినది ఏదీ లేదు. అడిగినవాళ్లు ఆ తరవాత కాఫీ తాగి వెళ్లిపోతారు, ఇంట్లో మిగిలేది మీరూ అతనూ. మీ అబ్బాయి దారి తప్పలేదు. నడవాల్సిన దూరం ఎంతో తెలిసిన మనిషిని ఎంచుకుని, మీ దగ్గరకు వచ్చి, మీ అనుమతి అడుగుతున్నాడు. చెప్పకుండా బస్సెక్కి కృష్ణానగర్ చేరిన పిల్లల తల్లిదండ్రులతో నేను మాట్లాడాను కాబట్టి, అడగడం ఎంత పెద్ద విషయమో నాకు తెలుసు.

నెలాఖరు గడువుకు భయపడి ఆ మూడున్నర లక్షలు కట్టకండి. సీట్లు నిజంగా అయిపోయే చోట అంత తొందరపెట్టరు. ఈ ఆదివారం ‘బూట్ పాలిష్’ పెట్టమని అబ్బాయినే అడగండి, ఇద్దరూ కలిసి చూడండి, మధ్యలో లేవకండి. ఆ తరవాత లా సంగతి మీరు ఎత్తవద్దు, అతన్నే ఎత్తనివ్వండి. ఏమన్నాడో నాకు రాయండి.