బొబ్బిలి నాన్నగారికి ఏ పుస్తకం ఇవ్వాలి?

ప్రశ్న: మాస్టారూ, మా నాన్నగారికి 67 ఏళ్లు. జూట్ మిల్లులో పనిచేసి రిటైరయ్యారు. చరిత్రంటే ఇష్టం. కానీ నా పరీక్షల పుస్తకం ఇస్తే రాజుల పేర్లు, తేదీలు చూసి పక్కన పెట్టేశారు. నవల ఇస్తే ‘కల్పించి రాసింది చదివి ఏం లాభమమ్మా’ అంటారు. పాటంటే ఘంటసాల గారిదే అంటారు. ఆయనకు ఏం చదివించమంటారు? కొత్త పాటలేం వినిపించమంటారు?
- ఒక పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: అమ్మా, విజయనగరంలో గంటస్తంభం దగ్గర సందులో ఇరవై ఏళ్లు అద్దె పుస్తకాల కొట్టు నడిపాను. మీ నాన్నగారి లాంటి వాళ్లు చాలామంది వచ్చేవారు. వాళ్లకు నేను మొదట ఇచ్చింది సురవరం ప్రతాపరెడ్డి గారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’. 1949లో వచ్చిన పుస్తకం. కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగుకిచ్చిన మొట్టమొదటి బహుమతి, 1955లో, దీనికే. రాజుల వరస కోసం రాసింది కాదిది. మనవాళ్లు ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు అన్నది పాత కావ్యాల్లోంచి ఏరి చెబుతారు. కాకతీయుల నాటి ఓరుగల్లులో, పూటకూళ్లింట్లో ఒక రూక ఇస్తే విస్తట్లో ఏం పడేదో తెలుసా? కర్పూరభోగి బియ్యపు అన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్లు, నాలుగైదు నంజులు, గడ్డపెరుగు. మా కొట్లో ఉన్న కాపీని బల్లమీద పెడితే ఆ పేజీ దగ్గరే విచ్చుకునేది. అంచంతా వేళ్ల మరకలే, ఓ మూల పసుపు కూడా. వంటింట్లో కూర్చుని చదివారన్నమాట.

అది అయ్యాక ఏనుగుల వీరాస్వామయ్య గారి ‘కాశీయాత్ర చరిత్ర’ ఇవ్వండి. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ, అంటే ఒకరి మాట మరొకరి భాషలోకి మార్చి చెప్పేవారు. 1830 మే 18న బయల్దేరి, పల్లకీలో కాశీ వెళ్లి, 1831 సెప్టెంబరు 3న ఇంటికి చేరారు. ఏ మజిలీలో నీళ్లు బాగున్నాయి, ఎక్కడ సరుకులు దొరికాయి, దారి ఎలా ఉంది, అన్నీ రాసిపెట్టారు. తిరుగు ప్రయాణం పూరీ మీదుగా మన తీరం వెంబడే సాగింది. భాష కొంచెం పాతది, నాలుగు పేజీలు ఓపిక పడితే అలవాటవుతుంది.

ఇక నవలల సంగతి. ‘కల్పించింది ఎందుకు’ అన్న నాన్నగారి మాటను నేను తేలిగ్గా తీసుకోను. కానీ రుద్రమదేవి మరణం గురించి 1289 నాటి చందుపట్ల శాసనం ఏం చెబుతోంది? ఆమెకూ, సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యం కలగాలని ఫలానా భూమి దానమిచ్చామని. అంతే. ఆ రోజు శిబిరంలో ఎవరు ఏడ్చారో రాయి చెప్పదు. అలా రాయి వదిలేసినచోట నవలాకారుడు పని మొదలుపెడతాడు. రుద్రమ కాలం మీద అడివి బాపిరాజు గారి ‘గోన గన్నారెడ్డి’ ఇచ్చి చూడండి. కత్తులు, గుర్రాలు, ప్రేమ అన్నీ ఉన్నాయి. చదివాక ఏది జరిగింది, ఏది అల్లిక అని మీరిద్దరూ వాదించుకోండి. నాకైతే ఆ వాదనే ఇష్టం.

బొబ్బిలివాళ్లకు ఈ సంగతి నేను చెప్పనక్కర్లేదేమో. మా అమ్మ పుట్టిల్లు బొబ్బిలి, అత్తిల్లు విజయనగరం. బొబ్బిలి మీదికి ఫ్రెంచివాళ్ల అండతో విజయనగరం రాజు వచ్చిన 1757 జనవరి 24 నాటి యుద్ధం మా ఇంట్లో రెండు కథలు. అమ్మ చెబితే, బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు విజయనగరం రాజు విజయరామరాజును చంపడానికి డేరాలో దూరేసరికి గొంతు పెరిగేది. మామ్మ (నాన్నమ్మ) మాత్రం పైడితల్లి అమ్మవారి దగ్గర మొదలుపెట్టేది. యుద్ధం వద్దని అన్న విజయరామరాజును బతిమాలిన చెల్లెలు, అన్న పోయాక పెద్దచెరువులో కలిసిపోయిందని. అమ్మవారి సిరిమాను ఉత్సవం రోజున ఆ కథ చెబుతూ మామ్మ కళ్లు తుడుచుకునేది. పెద్దయ్యాక, ఆ తరంలోనే ఓర్మ్ అనే ఆంగ్లేయుడు రాసింది తెలిసింది. కోట పడ్డాక ఒక ముసలాయన బొబ్బిలి రాజా రంగారావు గారి పిల్లవాణ్ని చెయ్యిపట్టి తీసుకొచ్చి ఫ్రెంచివాళ్లకు అప్పగించాడట. అమ్మ గాని, మామ్మ గాని నాకు ఆ ముసలాయన గురించి చెప్పలేదు. ఇప్పటికీ ఆ యుద్ధమంటే నాకు ముందు ఆయనే గుర్తొస్తాడు. నాన్నగారిని అడగండి, వాళ్లింట్లో ఈ కథ ఎలా చెప్పేవారో. వీలైతే రాసిపెట్టుకోండి.

పాటల విషయంలో ఆయన్ని ఘంటసాల నుంచి లాగొద్దు. ఘంటసాల గారు మా ఊరి సంగీత కళాశాలలో, మధూకరం ఎత్తుకుంటూ (ఇంటింటా అన్నం అడిగి తింటూ) చదువుకున్నవారు. అక్కణ్నుంచే మెల్లగా ముందుకు నడిపించండి. ముందు మనవైపు జముకుల కథ వినిపించండి. చంకలో ఇరికించుకున్న జముకు తీగ లాగితే వచ్చే ఆ మూలుగు ఆయన చిన్నప్పుడు వినే ఉంటారు. తర్వాత ‘పలాస 1978’లోని ‘నాది నక్కిలీసు గొలుసు’. 2020 నాటి సినిమా, సంగీతం రఘు కుంచె. పాట మాత్రం మన జనం నోట నలిగిందే. సినిమాలో దరువు మోత ఎక్కువ, సౌండ్ తగ్గించి పెట్టండి. ఆ తర్వాత చౌరస్తా బ్యాండ్ వాళ్ల ‘ఊరెళ్లిపోతా మామా’. పనికోసం పట్నం పోయినవాడి బెంగ అది. మన జిల్లాల్లో ఆ బెంగ తెలియని ఇల్లుండదు. మాటలు విననివ్వండి, గిటార్ సంగతి ఎత్తకండి.

అన్నీ ఒకేసారి కొనిపెట్టొద్దు. కళ్లజోడు నంబర్ పాతదైతే ముందు అది మార్పించండి. అక్షరం మరీ చిన్నదైతే రాత్రి భోజనాలయ్యాక మీరే చదివి వినిపించండి, ఆ పూటకూళ్లింటి పేజీతో మొదలుపెట్టి.