భూమికి తగలని ఎండను కిందికి దించితే భూమి ఇంకా వేడెక్కదా?

భూమికి తగలకుండా పక్కనుంచి వెళ్లిపోయే ఎండను ఉపగ్రహాలతో పట్టి కిందికి దించితే అది మనకు అదనపు వేడే కదా, వాతావరణ మార్పును ఆపబోయి పెంచినట్టు కాదా అని మీరు అడిగారు. కక్ష్యలో సౌర పలకలతో విద్యుత్తు పుట్టించి, దాన్ని మైక్రోవేవ్ కిరణంగా మార్చి నేలకు పంపడమే ఈ ఆలోచన. ఎం.టెక్. చదివే రోజుల్లో సరిగ్గా ఇదే సందేహంతో నేను మా గైడు గారి గదికి వెళ్లాను. నా ప్రాజెక్టు రెక్టెన్నా, అంటే మైక్రోవేవ్ తరంగాలను అందుకుని డయోడ్ల (కరెంటును ఒకే వైపుకు పోనిచ్చే చిన్న భాగాల) సాయంతో నేరుగా డీసీ విద్యుత్తుగా మార్చే యాంటెన్నా. ఆయన జవాబు చెప్పకుండా, "చదరపు మీటరుకు ఎన్ని వాట్లు పడుతుందో లెక్క కట్టుకుని రా" అని పంపించేశారు. ఆ లెక్కనే ఇప్పటి అంకెలతో మీ ముందు పెడుతున్నాను.

మీ సందేహంలో నిజం ఉంది. భూస్థిర కక్ష్య, అంటే ఉపగ్రహం ఎప్పుడూ భూమ్మీద ఒకే చోటికి పైన నిలిచినట్టు ఉండే కక్ష్య, నుంచి వచ్చే శక్తి దాదాపు అంతా భూమికి కొత్తగా చేరేదే. ఫ్యాను తిప్పినా, ఇనుము కరిగించినా విద్యుత్తు చివరికి వేడిగానే మిగులుతుంది. అయితే ఎంత వేడి? బొగ్గు, చమురు, గ్యాసు, మిగతావన్నీ కలిపి ప్రపంచం వాడుతున్న శక్తి సగటున 19 టెరావాట్ల (ఒక టెరావాట్ అంటే లక్ష కోట్ల వాట్లు) దాకా ఉంటుంది. దాన్ని భూమి ఉపరితలమైన 51 కోట్ల చదరపు కిలోమీటర్ల మీద పరిస్తే చదరపు మీటరుకు 0.04 వాట్లు కూడా రావు. 1750 తర్వాత గాలిలో పెరిగిన కార్బన్ డయాక్సైడ్ ఒక్కటే చదరపు మీటరుకు 2 వాట్లకు పైగా వేడిని బయటికి పోకుండా ఆపుతోంది. అంటే మనం వాడే శక్తినంతా అంతరిక్షం నుంచే తెచ్చుకున్నా, ఆ వేడి కార్బన్ డయాక్సైడ్ ప్రభావంలో యాభయ్యో వంతుకు చేరదు.

ఈ లెక్కలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది బొగ్గుతో పోలిక. 5 గిగావాట్ల (ఒక గిగావాట్ అంటే వంద కోట్ల వాట్లు) విద్యుత్తు కావాలంటే బొగ్గు కేంద్రంలో సుమారు 14 గిగావాట్ల వేడి పుట్టించాలి. మూడింట రెండు వంతులు కూలింగ్ టవర్ల గుండా, చిమ్నీల గుండా పోతుంది, మిగిలినది మన ఇళ్లలో వేడిగా మారుతుంది. అదే విద్యుత్తును ఆకాశం నుంచి దించితే భూమికి చేరే వేడి మొత్తం 6 గిగావాట్ల దగ్గర ఆగుతుంది, ఎందుకంటే మార్పిడి నష్టాల్లో చాలా భాగం పైనే, శూన్యంలోనే జరిగిపోతుంది. కనుక బొగ్గును మానిపించేటట్లయితే నేరుగా పుట్టే వేడి కూడా తగ్గుతుంది. ఇక బొగ్గు పొగలోని కార్బన్ డయాక్సైడ్, ఆ బొగ్గు కాలినప్పుడు పుట్టిన వేడి కంటే ఎక్కువ వేడిని కొద్ది నెలల్లోనే పట్టి ఉంచుతుంది, పైగా శతాబ్దాల పాటు గాలిలో నిలుస్తుంది.

రెక్టెన్నా ఉన్న చోట మాటేమిటి? ఇంజనీరు పీటర్ గ్లేసర్ 1968లో ప్రతిపాదించిన ఈ ఆలోచనను నాసా, అమెరికా ఇంధన శాఖ 1970ల చివర్లో వివరంగా పరిశీలించాయి. వారి నమూనాలో 5 గిగావాట్ల కేంద్రానికి నేల మీద 10 కిలోమీటర్ల వెడల్పు, 13 కిలోమీటర్ల పొడవు ఉన్న దీర్ఘవృత్తాకారపు రెక్టెన్నా ఉంది. కిరణం నడిమధ్యన చదరపు మీటరుకు 230 వాట్లు పడతాయి, మిట్టమధ్యాహ్నపు ఎండలో ఇది నాలుగో వంతు. నా బల్ల మీది చిన్న బోర్డులో అందిన తరంగ శక్తిలో సగానికి కాస్త పైగా మాత్రమే విద్యుత్తుగా మారేది. మిగిలినది డయోడ్‌లో వేడిగానో, వెనక్కి మళ్లిన తరంగంగానో పోయేది. కానీ 1975లోనే కాలిఫోర్నియాలోని గోల్డ్‌స్టోన్‌లో ఒకటిన్నర కిలోమీటర్ల దూరం నుంచి పంపిన శక్తిలో 30 కిలోవాట్లకు పైగా అందుకున్న రెక్టెన్నా సామర్థ్యం 80 శాతం దాటింది. ఆ సామర్థ్యంతో చూస్తే పెద్ద రెక్టెన్నా కింద నేలకు చేరే వృథా వేడి చదరపు మీటరుకు సగటున 10 నుంచి 12 వాట్లు. ఆ ప్రాంతంలో కొద్దిగా తెలుస్తుందేమో కానీ, ప్రపంచ వాతావరణాన్ని కదిలించేది కాదు.

చదువు ముగిశాక కొన్నేళ్లు రాయలసీమలో ఒక సోలార్ ప్లాంటులో పనిచేశాను. ఏప్రిల్ మధ్యాహ్నాల్లో ప్యానెళ్ల వెనుక సెన్సరు 60 డిగ్రీలు దాటి చూపేది. "ఈ పలకల వల్లే ఎండలు ముదిరాయా సార్?" అని పక్క పొలం రైతు ఒకాయన అడిగారు. నల్లరేగడి నేల తన మీద పడిన ఎండలో నూటికి ఎనభై పాళ్లకు పైగా ఎలాగూ తాగేస్తుంది. ప్యానెల్ ఇంకొంచెం ఎక్కువ తాగినా, అందులో ఐదో వంతును విద్యుత్తుగా బయటికి పంపుతుంది. తెల్లని ఎడారి ఇసుక మీద పరిస్తే మాత్రం లెక్క తిరగబడుతుంది, ఎందుకంటే ఆ ఇసుక తిప్పి పంపే వెలుగును ప్యానెల్ మింగేస్తుంది. నేల మీది సౌరవిద్యుత్తుకు ఉన్న అసలు చిక్కు వేడి కాదు, సాయంత్రం. ఊళ్లలో దీపాలు వెలిగే వేళకు మా మీటర్లు సున్నాకు పడిపోయేవి. భూస్థిర కక్ష్యలో దాదాపు ఏడాది పొడవునా రాత్రి ఉండదు, మైక్రోవేవ్‌కు మబ్బు అడ్డం కాదు, అందుకే ఈ ఆలోచన దాదాపు అరవై ఏళ్లుగా చావడం లేదు. 2023లో కాలిఫోర్నియాలోని కాల్‌టెక్ విశ్వవిద్యాలయం వారు కక్ష్యలోని పరికరం నుంచి పంపిన మైక్రోవేవ్ శక్తిని పాసడీనాలో తమ భవనం పైకప్పు మీద గుర్తించగలిగారు. అది చాలా స్వల్పం, అయినా మొదటి అడుగు.

వాతావరణం విషయంలో నాకు నిజంగా భయం కలిగించేది కిరణం కాదు, రాకెట్లు. 1970ల నమూనాలో ఒక్కొక్క ఉపగ్రహం బరువు పదుల వేల టన్నులు. నమూనాలు ఎంత తేలికపడినా వందల ప్రయోగాలు తప్పవు. కిరోసిన్ రాకెట్ వదిలే మసి స్ట్రాటోస్పియర్‌లో, అంటే వాన మబ్బుల కంటే పైనున్న గాలి పొరలో, పడుతుంది. నేల దగ్గరి మసిని వాన వారం పది రోజుల్లో కడిగేస్తుంది, అక్కడ వాన లేదు కనుక అది ఏళ్ల తరబడి నిలిచి, ఎండను పీల్చి, ఆ పొరను వేడెక్కించి ఓజోన్‌ను దెబ్బతీస్తుంది. కాలం తీరి కిందికి పడి కాలిపోయే ఉపగ్రహాల అల్యూమినియం కూడా అక్కడే చేరుతోందని 2023లో విమానాలతో సేకరించిన నమూనాల్లో తేలింది. అందుకే ఇలాంటి పథకం ఏది ప్రకటించినా నేను ముందు వెతికేది కిరణం తీవ్రతను కాదు. ఎన్ని ప్రయోగాలు, ఏ ఇంధనంతో, కాలం తీరిన ఉపగ్రహాన్ని ఏం చేస్తారు అన్నవే చూస్తాను.