ఆటల జవాబులు: జార్జ్ మైకాన్

ప్రశ్న: మావాడు తొమ్మిదో తరగతి, ఆరడుగుల ఒక అంగుళం ఉన్నాడు. బాస్కెట్‌బాల్ ఆడేటప్పుడు రింగు కింద కాళ్లు తడబడతాయి, బంతి చేజారుతుంది. పీఈటీ సారు ‘మైకాన్ డ్రిల్’ చేయించమన్నారు. ఎవరీ మైకాన్? ఆ డ్రిల్ ఎట్లా చేయాలి?
– ఓ తండ్రి, కావలి

జవాబు: మైకాన్ పాతకాలపు అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడు. 1924లో జోలియెట్‌లో పుట్టాడు. 6 అడుగుల 10 అంగుళాల మనిషి, సోడాబుడ్డి కళ్లద్దాలు. డిపాల్ యూనివర్సిటీలో చేరినప్పుడు ఆయన నడకా మీవాడి నడకే. కోచ్ రే మేయర్ తాడాట ఆడించాడు, బాక్సింగ్ సాధన చేయించాడు, డ్యాన్సు కూడా నేర్పించాడు. ఇదంతా కాళ్లు మాట వినడానికే. ఆ తర్వాత మిన్నియాపోలిస్ లేకర్స్ జట్టులో 1948 నుంచి 1954 దాకా ఏడు సీజన్లలో ఆరు టైటిళ్లు గెలిచాడు.

ఇక డ్రిల్. రింగు కింద బోర్డు వైపు తిరిగి నిలబడాలి. ఎడమకాలి మీద ఎగిరి, కుడిచేత్తో బోర్డు మీది గడి కుడి పైమూలకు తగిలేలా వేయాలి. వలలోంచి దిగిన బంతిని నేలను తాకకముందే రెండు చేతులా పట్టుకుని, ఒక అడుగు ఎడమకు వేసి, ఈసారి కుడికాలి మీద ఎగిరి ఎడమచేత్తో వేయాలి. అట్లా ఆగకుండా అటూ ఇటూ.

ఎక్కువమంది తప్పు చేసేది బంతి పట్టుకున్నాక. దాన్ని నడుము దాకా దించుతారు. దించిన బంతిని ఎంత పొట్టి పిల్లాడైనా తట్టేస్తాడు, ఇక ఎత్తుండి ఏం లాభం? బంతి గడ్డం కిందికి రాకూడదు. రెండో తప్పు, ఎడమవైపు కూడా కుడిచేత్తోనే వేయడం. మొదటి వారం ఎగరకుండా, నిలబడే ఎడమచేత్తో రోజుకు యాభై వేయించండి. తర్వాత 30 సెకన్ల చొప్పున మూడు విడతలు, ఒక్కో విడతలో ఎన్ని పడ్డాయో రాసిపెట్టండి. సిమెంటు కోర్టు అయితే మంచి బూట్లు తప్పనిసరి. మోకాలిచిప్ప కింద నొప్పి అంటే ఆ రోజుకు ఆపేయాలి. మన ఎండల్లో ఉదయం ఏడు లోపే ముగించండి.

ప్రశ్న: మా స్కూలు కోర్టుకు మళ్లీ గీతలు వేయిస్తున్నాం. రింగు కింది గడి పైన సన్నగా, కింద వెడల్పుగా ఉంది. ఉంచాలా? ఆ గడి మైకాన్ వల్లే పెరిగిందంటారు, నిజమా?
– ఓ వ్యాయామ ఉపాధ్యాయుడు, ఒంగోలు

జవాబు: ఉంచకండి. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫీబా 2010లోనే ఆ ఆకారం తీసేసి దీర్ఘచతురస్రం చేసింది. ఎండ్ లైన్ (రింగు వెనక కోర్టు చివరి గీత) నడిమధ్య నుంచి చెరోవైపు 2.45 మీటర్లు. ఈ కొలత గీత బయటి అంచు దాకా. గీత 5 సెంటీమీటర్లు కాబట్టి లోపలి అంచుకు కొలిస్తే గడి 10 సెంటీమీటర్లు పెరిగిపోతుంది. ఎండ్ లైన్ లోపలి అంచు నుంచి ఫ్రీ త్రో గీత అవతలి అంచుకు 5.8 మీటర్లు ఉండాలి.

మైకాన్ సంగతి నిజమే, కానీ అది అమెరికా వృత్తి లీగ్ ఎన్‌బీఏలో. 1951–52లో గడి వెడల్పు 6 అడుగుల నుంచి 12కు పెంచారు. గడిలో మూడు సెకన్లే నిలబడాలి కాబట్టి ఆయన రింగుకు దూరంగా జరగాల్సి వచ్చింది. అయినా ఆ ఏడాది టైటిల్ లేకర్స్‌దే! అంతకుముందు 1950 నవంబర్ 22న ఫోర్ట్ వేన్ జట్టు, బంతి ఆయనకు అందకుండా తమ దగ్గరే పెట్టుకుని 19–18తో గెలిచింది. లేకర్స్ 18లో 15 మైకాన్‌వే. అట్లాంటి సాగతీతకు విరుగుడుగా 1954లో 24 సెకన్ల గడియారం వచ్చింది, అంటే ఆ లోపు బంతిని రింగు వైపు వేయాల్సిందే.

ప్రశ్న: మైకాన్ ఆట మానేశాక ఏం చేశాడు?
– ఓ విద్యార్థిని, నెల్లూరు

జవాబు: 1954లో ముప్పై ఏళ్లకే మానేశాడు. 1955–56లో తిరిగొచ్చి 37 మ్యాచ్‌లు ఆడాడు, పాత పట్టు దొరకలేదు. న్యాయవాదిగా పనిచేశాడు. 1967లో, ఎన్‌బీఏకు పోటీగా వచ్చిన ఏబీఏ లీగ్‌కు తొలి కమిషనర్. ఎరుపు, తెలుపు, నీలం బంతి ఆయన హయాంలోదే. చివరి రోజుల్లో మధుమేహంతో కాలు పోగొట్టుకున్నాడు. 1965కు ముందే ఆట మానేసిన తొలితరం ఆటగాళ్లకు పింఛను పెంచాలని అడుగుతూనే 2005 జూన్ 1న కన్నుమూశాడు.